ఏళ్లుగా మూలనపడ్డ లగ్జరీ కారు: ఏ డీటెయిలింగ్ చేయించాలి, ఏది వద్దనాలి

మూడేళ్లు చెట్టు కింద నిలిచిపోయిన ఒక నల్ల సెడాన్ నా దగ్గరికి పనికి వచ్చింది. బ్యాటరీ పూర్తిగా పోవడంతో ట్రక్కు మీద ఎక్కించి తెచ్చారు. బానెట్ మీద చెట్టు జిగురు గట్టిపడి చుక్కలు చుక్కలుగా ఉంది. పిట్టల రెట్టలు పడ్డచోటల్లా పెయింట్ గుంటలు పడింది. కిటికీ రబ్బర్ల వెంట పచ్చగా నాచు పట్టింది. ఓనర్ అడిగింది ఒక్కటే: "ఫుల్ కరెక్షన్ చేసి సెరామిక్ కోటింగ్ వేసేయండి, కొత్త కారులా రావాలి." అంటే పెయింట్ మీది గీతలన్నీ పాలిష్‌తో తీసేసి, పైన గట్టి రక్షణ పూత వేయమని. నేను ముందు సీటు దగ్గర మ్యాట్ ఎత్తి, కార్పెట్ మీద అరచేత్తో గట్టిగా నొక్కాను. వేళ్ల సందుల్లోంచి నీళ్లు ఉబికి వచ్చాయి. చేతికి మురుగు వాసన అంటుకుంది.

ఆ రోజు ఆయనకు చెప్పిందే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఇలాంటి కారు ఉన్నవాళ్ల ముందు మామూలుగా ఐదు దారులుంటాయి. సొంతంగా చేసుకోవడం, వాష్ సెంటర్ ప్యాకేజీ, డీటెయిలింగ్ (కారును లోపలా బయటా లోతుగా శుభ్రం చేసి మెరిపించే పని) స్టూడియోలో ఒక్క దశ పాలిష్, అదే స్టూడియోలో రెండు మూడు దశల పూర్తి పెయింట్ కరెక్షన్, చివరిగా బాడీ షాపులో కొత్త పెయింట్. చాలామంది రేటు చూసో, పనికి ముందు, పని తర్వాత తీసిన ఫొటోలు చూసో తేల్చేసుకుంటారు. నేనైతే కారులో ఇంకా ఏం మిగిలుందో చూసి తేల్చమంటాను. పెయింట్ మీద క్లియర్ కోట్ (రంగు పైనుండే పారదర్శక పొర) ఎంత ఉంది, సీటు తోలు మీద రంగుపూత ఎంత ఉంది, లోపల తడి ఉందా. ఈ మూడూ తెలిస్తే ఐదింటిలో మూడు దారులు వాటంతట అవే పక్కకు పోతాయి.

తడి సంగతి తేలాకే మిగతాది

లగ్జరీ కార్లలో సన్‌రూఫ్ చుట్టూ ఒక కాలువ ఉంటుంది. దాని మూలల నుంచి సన్నని గొట్టాలు స్తంభాల లోపలగా కిందికి దిగుతాయి. సన్‌రూఫ్ అద్దం దగ్గర నీళ్లు లోపలికి దిగడం మామూలే. ఆ నీళ్లను బయటికి పంపే పని ఈ గొట్టాలది. చెట్టు కింద నిలిచిన కారులో ఆకుల పొడి, దుమ్ము కలిసి గొట్టాల్లో ముద్దగా బిగుసుకుపోతాయి. అప్పుడు నీళ్లు కాలువ పొంగి, రూఫ్ లైనింగ్ వెనక నుంచి జారి కార్పెట్ కింద చేరతాయి. అద్దం కింద వైపర్ల దగ్గరుండే తొట్టి కూడా ఆకులతో నిండితే ఇదే జరుగుతుంది. తలుపు ప్యాడ్ వెనకుండే పొర ఊడినా అంతే.

పరీక్ష చాలా సులువు. సన్‌రూఫ్ తెరిచి, ముందు మూలలో చిన్న గ్లాసుతో నీళ్లు మెల్లగా పోయండి. కాసేపట్లో ముందు చక్రం వెనకో, తలుపు కీలు దగ్గరో నేల మీద కారాలి. కారకపోతే గొట్టం మూసుకుపోయినట్టే. కంప్రెసర్ గాలి గట్టిగా కొట్టి తెరవాలని మాత్రం చూడకండి. లోపల అతుకు దగ్గర గొట్టం ఊడిపోతే డ్యాష్‌బోర్డ్ విప్పే పని పడుతుంది. మెత్తని, వంగే నైలాన్ తీగతో నెమ్మదిగా తీస్తే చాలు.

దీని గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. ఈ తరగతి కార్లలో కార్పెట్ కింద, సీట్ల కింద, డిక్కీ అడుగున ఎలక్ట్రానిక్ కంట్రోల్ మాడ్యూళ్లు, వైరింగ్ కలిపే కనెక్టర్లు ఉంటాయి. కార్పెట్ కింద మందమైన ఫోమ్ ఉంటుంది. అది నీళ్లు పీలిస్తే వారాల తరబడి ఆరదు. పైన మాత్రం పొడిగానే కనిపిస్తుంది. అలాంటి కారుకి "ఇంటీరియర్ షాంపూ, స్టీమ్" ప్యాకేజీ చేయిస్తే ఇంకాస్త నీళ్లు పోసినట్టవుతుంది. వాసన నాలుగు రోజులు తగ్గి మళ్లీ వస్తుంది.

అందుకే లోపలి పనిలో నా ఎంపిక ఇది. కార్పెట్ పొడిగా ఉంటే వ్యాక్యూమ్, షాంపూ, నీళ్లు కొట్టి మురికితో సహా పీల్చేసే ఎక్స్‌ట్రాక్షన్ మెషీన్ సరిపోతాయి. తడి తగిలితే బ్యాటరీ కనెక్షన్ తీసేసి, సీట్లు విప్పి, కార్పెట్ ఎత్తి ఆరబెట్టే పని చేసేవాళ్లకే ఇవ్వండి. సీట్లలో ఎయిర్‌బ్యాగ్ వైర్లు ఉంటాయి కాబట్టి ఇంట్లో విప్పవద్దు. పెయింట్ బడ్జెట్ సగానికి కోసైనా సరే, ఈ పని పూర్తిగా జరగాలి. గీతలు పడ్డ బానెట్ ఇంకో ఏడాది ఆగుతుంది, నీళ్లలో నానుతున్న మాడ్యూల్ ఆగదు.

వాసనకు ఓజోన్ మెషీన్ పెడతామని చాలాచోట్ల చెబుతారు. ఓజోన్ వాసన కణాలను విరగ్గొడుతుంది, నిజమే. కానీ బూజు పట్టిన ఫోమ్ అక్కడే ఉంటే వాసన మళ్లీ పుడుతుంది. ఎక్కువసేపు పెడితే రబ్బరు భాగాలు దెబ్బతింటాయి. పనిచేస్తున్నంతసేపూ మనుషులు లోపల ఉండకూడదు, తర్వాత తలుపులన్నీ తీసి బాగా గాలి ఆడనివ్వాలి. శుభ్రం చేసి, ఆరబెట్టి, క్యాబిన్ ఫిల్టర్ మార్చాక చివరి మెట్టుగా అయితే నాకు అభ్యంతరం లేదు. మొదటి మెట్టుగా అమ్మితే వద్దనండి.

ఎలుకలు గూడు కట్టిన గుర్తులు కనిపిస్తే చీపురు, వ్యాక్యూమ్ పట్టుకోకముందే ఆగండి. ఎండిన పెంటికలను దులిపితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది, రోగాలు అంటుకునే ప్రమాదం ఉంది. మాస్క్, గ్లవ్స్ వేసుకుని, ముందు క్రిమిసంహారక ద్రావణంతో తడిపి, తర్వాత తుడిచి తీయాలి. వైర్లు కొరికాయేమో మెకానిక్ చూశాకే ఇంజిన్ స్టార్ట్ చేయాలి.

పెయింట్: ఒక్క దశా, పూర్తి కరెక్షనా?

తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు). మీ కారు క్లియర్ కోట్ మామూలుగా 35 నుంచి 50 మైక్రాన్లు ఉంటుంది, అంటే వెంట్రుక కన్నా పలచన. సాలెగూడులా కనిపించే గీతలు ఆ పొరలోనే ఉంటాయి. పాలిష్ అంటే ఆ గీతలు నింపడం కాదు, వాటి అడుగు వరకు చుట్టూ ఉన్న పొరను అరగదీసి చదును చేయడం. కాంపౌండ్‌తో (గరుకైన పాలిష్ ముద్దతో) గట్టిగా ఒకసారి చేస్తే కొన్ని మైక్రాన్లు పోతాయి, ఇసుక కాగితంతో రుద్దితే ఇంకా ఎక్కువ. పోయిన పొర మళ్లీ పెరగదు. ఎండ దెబ్బను అడ్డుకునే రసాయనాలు ఆ పొరలోనే ఉంటాయి. అది మరీ పలచబడితే మెరుపు వచ్చిన కొన్నాళ్లకే పొర తెల్లబడి ఊడటం మొదలవుతుంది.

అందుకని పెయింట్ మందం కొలిచే మీటర్ పెట్టకుండా రేటు చెప్పేవాళ్లకు పెయింట్ పని ఇవ్వవద్దు. ఫ్యాక్టరీ పెయింట్ మొత్తం మందం మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. 200 దాటితే ఆ ప్యానెల్‌కు మళ్లీ పెయింట్ పడి ఉండొచ్చు, వెయ్యి దగ్గరకు వెళ్తే కింద పుట్టీ ఉందనుకోవచ్చు. 80 లాంటి రీడింగ్ వస్తే ఇప్పటికే ఎవరో బాగా అరగదీశారేమో అని అనుమానించాలి. మామూలు మీటర్ ప్రైమర్, రంగు, క్లియర్ కోట్ అన్నీ కలిపి చూపిస్తుంది, క్లియర్ కోట్ ఒక్కదాన్నీ విడిగా చూపించదు. కాబట్టి ఒకే ప్యానెల్ మీద పది చోట్ల కొలిచి, అంచుల దగ్గర ఎంత తగ్గుతోందో చూడాలి. ఇంకో సంగతి, ఈ తరగతిలో అల్యూమినియం బాడీలు ఎక్కువ. 1994లో వచ్చిన మొదటి ఆడీ ఏ8, 2003 జాగ్వార్ ఎక్స్‌జే, 2012 తర్వాతి రేంజ్ రోవర్ అలాంటివే. ఇనుము మీద మాత్రమే పనిచేసే చౌక మీటర్ వీటి మీద ఏమీ చూపించదు.

మీటర్ తర్వాత టెస్ట్ స్పాట్. బానెట్ మీద రెండు జానల మేర టేపు అంటించి, ఆ గడిలో అన్నిటికన్నా మెత్తని ప్యాడ్, సన్నని పాలిష్‌తో మొదలుపెట్టాలి. అది చాలకపోతేనే ఒక మెట్టు పైకి వెళ్లాలి. టేపు తీసినప్పుడు గీతకు అటు మసక, ఇటు అద్దం. మీ ఎంపిక నిజంగా జరిగేది ఆ గీత దగ్గరే. పెయింట్లన్నీ ఒకేలా లొంగవు కాబట్టే ఈ పరీక్ష తప్పదు. ఉదాహరణకు మెర్సిడెస్-బెంజ్ 2003 చివర నుంచి నానో సెరామిక్ కణాలున్న గట్టి క్లియర్ కోట్ వాడటం మొదలుపెట్టింది. అలాంటిదాని మీద సన్నని పాలిష్ జారిపోతుంది. మెత్తని పెయింట్ మీద అదే పాలిష్ ఒక్కసారికే సరిపోతుంది. ఫోన్‌లో ఫొటో చూసి "మూడు దశలు పడతాయి" అన్నవాళ్లు మీ కారును ఇంకా చూడనట్టే లెక్క.

ఇక నా తీర్పు. బయట తిరిగే, బయటే నిలిచే కారుకి ఒక్క దశ పాలిష్ చాలు. దానికి ముందు చేసే శుభ్రత మాత్రం పూర్తిగా జరగాలి. ఫోమ్‌తో నానబెట్టి దుమ్ము దించడం, రెండు బకెట్లతో కడగడం, తారు మరకలు తీసేది వాడటం, పెయింట్‌లో గుచ్చుకున్న ఇనుప రజను కరిగించే ద్రావణం కొట్టడం, చివరగా క్లే, అంటే మెత్తని మట్టిముద్దలాంటి దానితో రుద్ది పెయింట్‌కు అంటుకున్న రేణువులను లాగేయడం. ఇనుప రజను ద్రావణం పనిచేస్తుంటే తెల్ల కారు మీద ఊదా రంగు ధారలు దిగుతాయి, కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. నల్ల కారు మీద రంగు కనపడదు, వాసనే గుర్తు. క్లే తర్వాత పాలిథిన్ కవర్ చేతికి తొడుక్కుని పెయింట్ మీద వేళ్లు ఆడించండి, గరుకు తెలియకూడదు. పాడైన కారులో కనిపించే మసకలో చాలా భాగం ఈ దశలోనే పోతుంది. దీన్ని తొందరగా ముగించి పాలిష్‌కు ఎగబడితే, మిగిలిన రేణువులు ప్యాడ్ కింద తిరిగి కొత్త గీతలు పెడతాయి.

పూర్తి కరెక్షన్ ఎప్పుడంటే, కారు ఇకపై కప్పు కింద ఉంటుంది, జాగ్రత్తగా కడుగుతారు, మీటర్ రీడింగులు నిండుగా ఉన్నాయి అన్నప్పుడు. అప్పుడు కూడా గోరు తగిలి ఆగే గీతను వదిలేయమనే చెబుతాను. గోటికి తగిలిందంటే దాని అడుగు చేరాలంటే క్లియర్ కోట్‌లో ఎక్కువ భాగం పోవాలి. ఆ ఒక్క గీత కోసం ప్యానెల్ అంతా పలచన చేయడం నష్టం. పిట్ట రెట్ట తిన్న గుంటలు కూడా అంతే, అంచులు తగ్గిస్తే కంటికి ఆనవు.

క్లియర్ కోట్ పొట్టులా లేచిపోతుంటే, అంచులు తెల్లగా చీలి గోటికి ఊడి వస్తుంటే, ఏ పాలిష్‌కూ అది తిరిగి రాదు. ఆ ప్యానెల్ బాడీ షాపుకే. కారంతా పెయింట్ వేయించడం కన్నా పాడైన ప్యానెళ్లకే వేయించడం మంచిదని నా అభిప్రాయం. ఫ్యాక్టరీ పెయింట్ మిగిలి ఉన్నంతవరకు దాన్ని కాపాడుకోవాలి.

ఒక మోసం గురించి చెప్పాలి. ఒకాయన బాగా మెరుస్తున్న కారు వేరేచోట చేయించుకుని, ఆరు వాష్‌ల తర్వాత గీతలన్నీ తిరిగొచ్చాయని బాధపడుతూ నా దగ్గరికి తెచ్చారు. గీతలు తిరిగి రాలేదు, అసలు పోనేలేదు. నూనెలాంటి గ్లేజ్‌తో నింపి మెరిపించారు. ఆయన పెట్టిన డబ్బు తలుచుకుంటే నాకే కడుపు మండింది. మీరు కారు తీసుకునే ముందు ఒక ప్యానెల్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన ప్యానెల్ వైప్‌తో తుడవమనండి. తర్వాత లైట్లు ఆర్పించి ఒక్క టార్చ్ వెలుగులో చూడండి. నిజమైన పని ఆ వెలుగులో అలాగే నిలుస్తుంది.

సొంతంగానా, ఇంకొకరికా?

వాష్ సెంటర్ ప్యాకేజీ గురించి ఎక్కువ చెప్పను. ఒకే స్పాంజితో పది కార్లు తుడిచే చోట, ఘాటైన క్లీనర్ ఒక్కటే అన్నిటికీ కొట్టే చోట, ఈ కారు పెట్టవద్దు. జర్మన్ కార్ల కిటికీల చుట్టూ ఉండే అల్యూమినియం పట్టీలు ఘాటు క్షార క్లీనర్ తగిలితే పాలు ఒలికినట్టు తెల్ల మరకలు పడతాయి. ఆ మరకలు కడిగితే పోవు, పట్టీ పైపొరే చెడిపోయి ఉంటుంది. చక్రాలకు ఘాటు యాసిడ్ కొట్టినా ఇదే కథ.

సొంతంగా చేసుకోవడానికి భయపడనక్కర్లేదు. లోపల వ్యాక్యూమ్, తలుపు సందులు, డిక్కీ అంచులు, అద్దాలు, సన్‌రూఫ్ కాలువ, రెండు బకెట్ల వాష్ ఇవన్నీ ఓపిక ఉంటే మీరే చేయొచ్చు, కూలీ గంటలు బాగా తగ్గుతాయి. మెషీన్ పాలిష్ నేర్చుకోవాలనుకుంటే డ్యుయల్ యాక్షన్ మెషీన్‌తో మొదలుపెట్టండి. అది తిరుగుతూ ఊగుతుంది కాబట్టి వేడి ఒకచోట పేరుకోదు. రోటరీ వేగంగా కోస్తుంది, చేయి తిరగనివాళ్ల చేతిలో అంచు దగ్గర రెండు సెకన్లలో పెయింట్ కాల్చేస్తుంది. ఇంజిన్ బే మీద ప్రెషర్ వాషర్ కొట్టవద్దు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఏళ్ల దుమ్ము పట్టిన కారును ఎంత మంచి బట్టతోనైనా పొడిగా తుడవవద్దు. నేను చూసిన గీతల్లో సగం అలా ప్రేమగా తుడిచినప్పుడు పడ్డవే.

తోలు సీట్లు: శుభ్రమా, రంగా, కొత్త కవరా?

సీటు మీద కనపడనిచోట ఒక నీటి చుక్క వేయండి. పైన ముత్యంలా నిలిచిందంటే తోలు మీద రంగుపూత ఉంది. చాలా కార్లలో ఇదే ఉంటుంది. చుక్క ఇంకి చోటు నల్లబడిందంటే పూత లేని అనిలిన్ తోలు, లేదా పూత అరిగిపోయింది. పూత ఉన్నదానికి మైల్డ్ లెదర్ క్లీనర్, మెత్తని బ్రష్ చాలు. నూనె కండిషనర్ పూత లోపలికి దిగదు, పైన జిడ్డుగా మిగిలి దుమ్మును పట్టి ఉంచుతుంది. అనిలిన్ తోలును తెలిసినవాళ్లకే ఇవ్వండి. ఆల్కాంటారా అసలు తోలే కాదు, పాలిస్టర్, పాలియురేథేన్‌తో చేసిన బట్ట. తోలు క్లీనర్, కండిషనర్ దాని మీద పడకూడదు.

స్టీరింగ్ నున్నగా మెరుస్తుంటే అది తోలు మెరుపు అనుకుంటారు. చేతుల జిడ్డు అది. ఆ నల్ల సెడాన్ స్టీరింగ్ మీద బ్రష్ తిప్పితే తెల్ల నురగ కాస్తా మట్టిరంగుకు తిరిగింది. నాలుగోసారికి గానీ నురగ తెల్లగా రాలేదు, అప్పుడు కింద అసలు తోలు మసగ్గా, మెత్తగా బయటపడింది. డ్రైవర్ సీటు పక్క దిండు మీద రంగు లేచిన మచ్చ కూడా శుభ్రం చేశాకే నిజంగా ఎంతో తెలిసింది. అంత చిన్న మచ్చకు రంగు వేసి సరిచేయొచ్చు. తోలు దారాల దాకా చీలితే, గట్టిపడి వంచినప్పుడు పగులుతుంటే, రంగు నిలవదు. ఆ ఒక్క ముక్కను మార్పించడమే మేలు. జిగురుగా అంటుకునే బటన్లు ఇంకో సమస్య. పైన వేసిన మెత్తని పూత కాలంతో కరిగిపోవడం వల్ల అలా అవుతుంది. ఆల్కహాల్‌తో తుడిస్తే పోతుంది, గుర్తులు కూడా పోయే ప్రమాదం ఉంది కాబట్టి ముందు ఒక మూల చూసుకోవాలి.

పైన ఏం వేయించాలి?

వ్యాక్స్ వారాలు లేదా రెండు నెలలు, సీలెంట్ (వ్యాక్స్‌లాంటి సింథటిక్ పూత) కొన్ని నెలలు, మంచి సెరామిక్ కోటింగ్ సరిగా చూసుకుంటే రెండేళ్లు ఆపైన నిలుస్తుంది. సెరామిక్ వేస్తే కారు శుభ్రంగా కడగడం తేలికవుతుంది. రాయి తగిలితే ఆపదు, నీటి మరకలను కూడా ఆపదు. "9హెచ్" అనేది పెన్సిల్ గీత పరీక్షలోని స్కేలు, వజ్రంతో పోల్చే గట్టిదనంతో దానికి సంబంధం లేదు. కింద ఏముంటే దాన్నే సెరామిక్ బిగించేస్తుంది కాబట్టి, పాలిష్ సరిగా అవని పెయింట్ మీద వేయించవద్దు. పాడైన కారుకి మొదటి ఏడాది సీలెంట్ నా సలహా. ఆ ఏడాదిలో కారును ఎలా ఉంచుతున్నారో, పెయింట్ ఎక్కడ బలహీనంగా ఉందో తేలుతుంది. పీపీఎఫ్ (పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్) దాదాపు 150 నుంచి 200 మైక్రాన్ల మందమైన ఫిల్మ్, రాళ్ల దెబ్బకు నిజమైన రక్షణ అదే. అయితే సరిగా అతుక్కోని రీపెయింట్ మీద వేస్తే తీసేటప్పుడు పెయింట్‌తో సహా లేచి వస్తుంది. మీటర్ రీడింగులు ఎక్కువ వచ్చిన ప్యానెళ్ల మీద తొందరపడవద్దు.

పసుపెక్కిన హెడ్‌లైట్లకు రుద్ది మెరిపించడం ఒక్కటే సరిపోదు. పాలికార్బొనేట్ మీదుండే యూవీ పూత పోయింది కాబట్టి కొత్త పూత వేస్తారా అని అడగండి, లేదంటే కొన్ని నెలల్లో మళ్లీ అదే పసుపు. టైర్లకు మెరుపు రాయించే ముందు పక్క గోడ మీద తేదీ కోడ్ చివరి నాలుగు అంకెలు చూడండి. 2315 అంటే 2015లో 23వ వారం. అంత పాతవైతే నల్లగా మెరిసినా వాటి మీద ప్రయాణం వద్దు. బ్రేకులు, ద్రవాలు, టైర్ల డబ్బు పక్కన పెట్టాకే డీటెయిలింగ్ బడ్జెట్ వేసుకోండి.

కారు అమ్మే ఉద్దేశమైతే లోపలి శుభ్రత, డీకంటామినేషన్ (పాలిష్‌కు ముందు క్లే దాకా చెప్పిన బయటి శుభ్రత), ఒక్క దశ పాలిష్, సీలెంట్ దగ్గర ఆగిపోండి. కొనేవాళ్లు తలుపు తీయగానే వాసన చూస్తారు, బానెట్ మీద టార్చ్ వేసేవాళ్లు తక్కువ. ఉంచుకునేదైతే ఈ ఏడాది అంతే చేయించి, వచ్చే ఏడాది ప్యానెల్ పెయింట్, ఆ తర్వాత సెరామిక్ అని విడగొట్టుకోండి. తండ్రి వాడిన కారు అనో, మొదటి సంపాదనతో కొన్నది అనో దాచుకునేవాళ్లకు నా మాట వేరు. అరిగిన తోలు, చిన్న గీతలు ఉండనివ్వండి. తడి, బూజు, తుప్పు మాత్రం ఒక్కటీ వదలకండి.

ఆ నల్ల సెడాన్‌కు పనిరోజుల్లో మూడింట రెండు వంతులు లోపలికే పట్టింది. సీట్లు, కార్పెట్ బయటికి తీసి ఆరబెట్టాం, ఒక కనెక్టర్‌లో పచ్చగా పట్టిన తుప్పును ఎలక్ట్రీషియన్ శుభ్రం చేశారు. బానెట్ మధ్యలో 112 ఉన్న రీడింగ్ ముందు అంచులో 86 చూపించింది. అందుకని అంచులకు టేపు వేసి ఒక్క దశతో ఆపేశాం, రెట్ట గుంటలు రెండు మిగిలిపోయాయి. ఓనర్ వేలితో వాటిని తడిమి చూసి, "ఉండనివ్వండి" అన్నారు. తాళాలు ఇచ్చే ముందు సన్‌రూఫ్ తెరిచి మూలలో గ్లాసు నీళ్లు ఆయన చేతే పోయించాను. ఇద్దరం వంగి చూస్తుంటే ముందు చక్రం వెనక నుంచి ధారగా కారాయి.